రిమార్కుల ఫైలు

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నేను ల్యాబులో పిల్లల మీద అరుస్తున్నాను. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీకి కంప్యూటర్ ల్యాబు ఇన్‌చార్జిని. అరవడం కూడా జీతంలో భాగమేనని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేదాన్ని. చెప్పులు బయట విడవమంటే విడవరు. మౌస్ లోపలి బంతి తీసి జేబులో వేసుకుపోతారు. ఆ గొడవలో ఉండగా గుమ్మం దగ్గర ఒకావిడ కనిపించింది. చెప్పులు విడిచి, ఎవరైనా ఎత్తుకుపోతారనేమో, వాటిని చేత్తోనే పట్టుకుని నిలబడింది. ఇంకో చేతిలో మడతలు పడ్డ పాలిథిన్ కవరు.

"ఆస్పత్రిలో కంప్యూటరు కొట్టే అమ్మవి నువ్వే గదా?" అంది.

"ఏ ఆస్పత్రి? నేను మానేసి చాలా ఏళ్ళయింది," అన్నాను.

"నన్ను గుర్తుపట్టలా? పత్తికి మందు కొడతంటే గాలికి మొహాన పడిందని రాయమని నీ కాళ్ళు పట్టుకున్నా."

అప్పటికీ గుర్తు రాలేదు. ఆ మాట చెప్పి నా కాళ్ళు పట్టుకున్నది ఈమె ఒక్కతేనా?

తొంభైల చివర్లో నేను దర్శి వైపు ఒక మిషన్ ఆస్పత్రిలో పనిచేశాను. అదే నా మొదటి ఉద్యోగం. ఆస్పత్రికంతటికీ ఒకే కంప్యూటరు, దానికో చిన్న గది, గదికి ఒక కిటికీ. డాస్ మీద నడిచే పాతకాలపు డేటాబేసు. పేరు, ఊరు, వయసు, చేరిన రోజు, జబ్బు కోడు నింపాలి. జబ్బుకు పేరు రాయం, అంకె వేస్తాం. మందు కొడుతుండగా ప్రమాదవశాత్తూ విషం ఎక్కితే నలభై ఒకటి. కావాలని తాగితే నలభై రెండు.

ఆ ఏళ్ళలో పత్తి ఎలా పోయిందో ఇక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పచ్చపురుగు ఏ మందుకూ చావలేదు. పురుగు చావని మందుకు మనుషులు చచ్చారు. ట్రాక్టర్ల మీద, మంచాల మీద, ఒక్కోసారి సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాళ్ళు. క్యాజువాలిటీలో ఇంకా పొట్ట కడుగుతుండగానే బంధువులు నా కిటికీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నా చేతిలోనే అంతా ఉందని వాళ్ళకు ఎవరో చెప్పి ఉంటారు. "గాలికి పడిందని రాయమ్మా. పోలీసోళ్ళొస్తారు. శవాన్ని కోస్తారు. బతికితే కేసు పెడతారంట గదా." ఇదే వరస. బతికితే కేసు, చస్తే కోత. ఈ రెంటికీ భయపడి భార్యలు, తల్లులు అబద్ధం చెప్పేవాళ్ళు. ఏడుస్తూ చెప్పే అబద్ధం కాబట్టి దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఆస్పత్రిని నడిపే పెద్ద డాక్టరమ్మది ఆ ప్రాంతమే. పెళ్ళి చేసుకోలేదు, ఆదివారం గుళ్ళో అందరికంటే గట్టిగా పాడేది, వార్డులో అందరికంటే మెల్లగా మాట్లాడేది. ఏం చేయాలో తెలియక ఆవిడను అడిగాను. "కోడు వాళ్ళ కోసం వెయ్యి. రిమార్కులు మన కోసం రాయి," అంది. ఆ రోజు నుంచి ఆ ఆస్పత్రి పద్ధతి అదే. పోలీసులకు వెళ్ళే కాగితంలో నలభై ఒకటి. రిమార్కులు అనే గడిలో మాత్రం జరిగింది జరిగినట్టు. మాట్లాడగలిగే స్థితిలో ఉన్నవాళ్ళు ఏం చెప్పారో వార్డు సిస్టరు చీటీ మీద రాసి పంపేది. నేను ఆ తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. ఆ గడిని అచ్చు తీసే కాగితాల్లో రాకుండా నేనే తీసేశాను. మా ముగ్గురికి తప్ప అది ఉందని ఎవరికీ తెలియదు.

దయ అనుకున్నాం. నిజంగా దయే. దానికి ఇంకో పేరు పెట్టడం నాకిప్పటికీ చేతకాదు.

ఆమె పాలిథిన్ కవరులోంచి ఒక కాగితం తీసింది. ఆస్పత్రి వాళ్ళు కొత్తగా ఇచ్చిన కాగితం. భర్త పేరు, ఊరు, చేరిన రోజు, పోయిన రోజు. కారణం అన్న చోట: మందు పిచికారీ చేస్తుండగా ప్రమాదం. పంట పోయి ప్రాణం తీసుకున్న రైతుల కుటుంబాలకు ప్రభుత్వం సాయం చేస్తుందని, పాతవాళ్ళు కూడా అర్జీ పెట్టుకోవచ్చని ఊళ్ళో ఎవరో చెప్పారట. పెట్టుకుంది. ఎమ్మార్వో ఆఫీసులో ఈ కాగితం చూసి, ప్రమాదానికీ ఆత్మహత్యకూ సంబంధం లేదమ్మా, ప్రాణం తీసుకున్నాడని ఆస్పత్రి రికార్డులో ఉంటే తెచ్చుకో అని పంపేశారట. నెలాఖరు దాకా గడువు.

"అది ఒకటే గాదమ్మా," అంది. "ఊళ్ళో ఏమంటన్నారో తెలుసా? సారాయి తాగి మొహానికి గుడ్డ గూడా కట్టకుండా మందు కొట్టి చచ్చాడంట. మా ఆయన జన్మలో తాగలా. మా పిల్లని బళ్ళో గూడా అట్టాగే అంటన్నారు, తాగుబోతోడి కూతురని."

ఆ గాలి, ఆ మొహాన పడటం అన్నీ ఆమె చెప్పినవే. నేను కొట్టినవే. ఊరు దానికి కాస్త సారాయి కలుపుకుంది, అంతే.

"ఇంకోటమ్మా," అంది, ఈసారి నా వైపు చూడకుండా. "నేను కొబ్బరిబోండానికి కిందకి పొయ్యొచ్చేలోపల ఆయన సిస్టరమ్మతో ఏందో చెప్పాడంట. ఆమె రాసుకుందంట. నాతో ఏం మాట్లాళ్ళా. నేనొచ్చేటప్పటికి మాట పడిపోయింది. ఆ సిస్టరమ్మనే అడిగా. ఎంతమంది మాటలని గుర్తుంటయ్యే, కంప్యూటరమ్మ దగ్గరున్నయ్యి, గుంటూరు పో అంది."

నా దగ్గర ఉన్నమాట నిజమే. డాక్టరమ్మ పోయాక ఆస్పత్రిలో కొత్త ప్రోగ్రాం పెట్టారు. పెట్టినవాళ్ళు ముఖ్యమైన ఫైలు ఒక్కటే అందులోకి ఎక్కించారు, రిమార్కుల ఫైలు సంగతి వాళ్ళకు తెలియదు. పాత కంప్యూటరును తూకానికి వేసేశారు. కానీ నేను ఉద్యోగం మానేసేటప్పుడు డాక్టరమ్మ నా ఆఖరి బ్యాకప్ ఫ్లాపీలు రెండు నా చేతిలో పెట్టి, "నీ దగ్గర ఉండనీ," అంది. ఒకదాని మీద ముఖ్య ఫైలు, రెండోదాని మీద రిమార్కులు. రెంటి మీదా నా గుండ్రటి చేతిరాతతో ఒకే తేదీ. మా ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి.

"చూస్తానమ్మా. వారం తర్వాత రా," అన్నాను. వారంలో అయిపోతుందనే అనుకున్నాను. పొగరు అప్పుడు నాకు కాస్త ఎక్కువే.

ఆ పాత ప్రోగ్రాం ఇప్పుడు ఎక్కడా దొరకలేదు. దొరికిన ఒకట్రెండు కొత్త ప్రోగ్రాములు ముఖ్య ఫైలు తెరుస్తాయి, రిమార్కుల దగ్గరికి వచ్చేసరికి ఖాళీ గడి చూపిస్తాయి. అరండల్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఎవరో బయటి దేశపాయన ఇలాంటి పాత డేటాబేసు ఫైళ్ళు చదవడానికి ఒక లైబ్రరీ రాసి, సోర్సు కోడుతో సహా ఊరికే అందరికీ పెట్టేశాడు. లైబ్రరీ అంటే ఇంకో ప్రోగ్రాం అరువు తెచ్చుకుని వాడుకునే కోడు. దాన్ని మన కంప్యూటరు మీద మనమే కట్టుకోవాలి, తర్వాత ఇన్‌స్టాల్ చేసుకోవాలి. డౌన్‌లోడు సగంలో మూడుసార్లు తెగిపోయింది. నాలుగోసారి ఫ్లాపీలో వేసుకుని కాలేజీకి తెచ్చాను.

ల్యాబులో ఒక మూల ఒక కంప్యూటరు మీద పత్రికతో పాటు వచ్చిన సీడీ పెట్టి ఆ లైబ్రరీకి కావాల్సిన లైనక్స్ ఎక్కించాను. మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయినప్పుడు గంట, సాయంత్రం అటెండరు తాళాలు పట్టుకుని దగ్గేలోపల ఇంకో గంట. మొదటిరోజు, కోడును ప్రోగ్రాంగా కట్టే కంపైలరే లేదంది. అది ఎక్కిస్తే ఏదో చిన్న ఫైలు లేదంది. అది వెతికి పెడితే కట్టడం మొదలుపెట్టి, తెర నిండా గీతల్లా అక్షరాలు పరిగెత్తించి, ఆఖర్న ఒక్క ఎర్రరుతో ఆగిపోయింది. ఎర్రరు ఉన్న లైను దిద్దితే దాని కింద ఇంకోటి. నాలుగు రోజులు ఇదే తంతు. నాకు సి భాష వచ్చంటే వచ్చు, రాదంటే రాదు. పిల్లలకు చెప్పేటంత వచ్చు.

ఐదోరోజు కట్టడం పూర్తయింది. ఇన్‌స్టాల్ కూడా అయింది. ప్రోగ్రాం నడిపితే లైబ్రరీ కనబడటం లేదంది. వెళ్ళి చూస్తే ఉంది, పెట్టిన చోటే ఉంది. ఇంట్లో మనిషి ఉండగానే లేడని చెప్పి పంపించినట్టు ఉంది నాకు. ఎక్కడ వెతకాలో దానికి విడిగా చెప్పాలట. ఆ సంగతి తెలుసుకోవడానికి ఇంకో రోజున్నర పోయింది. ఈలోగా నేను చెప్పిన వారం అయిపోయింది, ఆమె వచ్చింది, ఇంకా కాలేదు, ఇంకో వారం ఆగి రమ్మని చెప్పి పంపేశాను. బస్సుకు బస్సు మారి వచ్చిన మనిషికి ఒక గ్లాసు మంచినీళ్ళిచ్చి పంపేశాను.

చివరికి ఫైళ్ళు తెరుచుకున్నాయి. మొదటి రోగి వచ్చాడు, రెండో రోగి వచ్చాడు. మూడో రోగి దగ్గర ఆగిపోయింది. ఈ రిమార్కు ఉండాల్సిన చోటు ఫైలు చివర దాటిపోయింది, అని రాసి ఆగింది. వచ్చిన రెండు రిమార్కుల్లో ఒకటి వాక్యం మధ్యలోంచి మొదలైంది. లైబ్రరీలో తప్పుందని నిర్ణయించుకుని, దాన్ని రాసినాయనకు ఈమెయిలు పెట్టాను. కాస్త ఘాటుగానే పెట్టాను. రెండు రోజుల్లో జవాబు ఇచ్చాడు. చాలా మర్యాదగా రాశాడు. మీ రెండు ఫైళ్ళూ ఒకే సమయంలో కాపీ చేసినవేనా? కాకపోతే దయచేసి అందులో చదివినదాన్ని నమ్మకండి, అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బ్యాకప్‌ల సంగతి నాకు తెలియదా? దర్శి దుమ్ములో, కరెంటు పోయి వస్తూ ఉంటే, శనివారం శనివారం తప్పకుండా తీసిన బ్యాకప్‌లు. ఫ్లాపీల మీద తేదీ కూడా ఒకటే. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న మనిషి నాకు చెప్పొచ్చాడు. జవాబు కూడా రాయలేదు. ఆయన కోడు తెరిచాను, చివర దాటిందో లేదో చూసే నాలుగు లైన్లు ఎక్కడున్నాయో వెతికాను, అవి పనిచేయకుండా చేశాను. మళ్ళీ కట్టాను. మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. ఈసారి లైబ్రరీ నోరెత్తలేదు. రిమార్కులన్నీ వరసగా తెర మీదికి వచ్చేశాయి. నా చేతులతో కొట్టిన మాటలు, ఇన్నేళ్ళ తర్వాత. ఒక్కదాన్నే కూర్చుని "వచ్చింది, వచ్చింది" అని అరిచాను. అటెండరు పరిగెత్తుకొచ్చి ఏం వచ్చిందండీ, పామా అన్నాడు.

మర్నాడు ఆమె వచ్చింది. మధ్యాహ్నం, ల్యాబు ఖాళీ. నా పక్కన కుర్చీ వేసి కూర్చోమంటే అంచున కూర్చుంది. కాగితం మీది ఆస్పత్రి నంబరు కొట్టాను. భర్త పేరు వచ్చింది. పేరు చదవగానే ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రిమార్కు చదవడం మొదలుపెట్టాను.

"బోరు రెండుసార్లు వేయించానన్నాడు. మిరప తోట నిలువునా ఎండిపోయిందన్నాడు. పెద్దోడు కనిగిరిలో చదువుతున్నాడు, వాడికి పరీక్షలయ్యేదాకా చెప్పొద్దన్నాడు."

ఆమె తల వంచుకుని వింటోంది. ఏడుస్తోందనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది. పదిహేను రోజుల కష్టం, నేను కాబట్టి చేశాను, ఇంకెవరి వల్లా అయ్యేది కాదు అనుకుంటున్నాను.

ఆమె తలెత్తింది. కళ్ళలో నీళ్ళేం లేవు.

"మాకు మిరప తోట లేదమ్మా. వేసింది పత్తి. మాకు కొడుకు గూడా లేడు. ఒక్కటే ఆడపిల్ల."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోమ్మా," అన్నాను. కట్టుకున్న మనిషితో, కన్న తల్లితో అన్నాను ఆ మాట.

"ఇది మా ఆయన మాట గాదమ్మా," అంది.

ఇంకో రోగి నంబరు కొట్టాను. కాన్పు కోసం చేరిన మనిషి. ఆమె రిమార్కులో ఒక ముసలాయన తన ఎడ్ల గురించి చెబుతున్నాడు. ఇంకోటి కొట్టాను. పాము కరిచిన పిల్లవాడు. వాడి రిమార్కులో ఎవరో భార్య తమ్ముణ్ణి తిడుతున్నారు. అన్నీ ఒకరివి ఒకరికి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఆఖరి శనివారం.

ఇక్కడ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, పెట్టినవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. టిక్కీలు లోపల ఉంటాయి, మన చేతిలో చీటీ ఉంటుంది, చీటీ మీద అవి ఏ అరలో ఉన్నాయో ఆ నంబరు ఉంటుంది. ముఖ్య ఫైలులో ప్రతి రోగికీ ఉన్నది చీటీ. రిమార్కులు లోపలి సరుకు. రిమార్కుల ఫైలు ఊరికే ఉబ్బిపోయేది, ఒక రిమార్కు తిరగరాస్తే పాతది కూడా లోపలే ఉండిపోయేది. ఫ్లాపీలో పట్టాలంటే దాన్ని నొక్కి సర్దాలి. సర్దితే అరలు మారతాయి, కొత్త చీటీలు పుడతాయి. అందుకని ముందు సర్దాలి, తర్వాత రెండు ఫైళ్ళూ కాపీ చేయాలి. ప్రతి శనివారం అలాగే చేశాను. ఆఖరి శనివారం నన్ను ఒంటిగంట బస్సుకు తీసుకెళ్ళడానికి మా నాన్న పెట్టెతో వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. తొందరలో ముఖ్య ఫైలు ముందే కాపీ చేసేశాను. రిమార్కులు ఫ్లాపీలో పట్టలేదు. అప్పుడు సర్దాను. సర్దినదాన్ని కాపీ చేసి, రెండు ఫ్లాపీల మీదా ఒకే తేదీ వేసి బస్సెక్కాను. పాత చీటీలు, కొత్త అరలు. ఒక ఫ్లాపీ మళ్ళీ కాపీ చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు నా దగ్గర లేకపోయాయి.

లైబ్రరీ ఈ మాటే చెప్పింది. మూడో రోగి దగ్గరే ఆగి చెప్పింది. దాన్ని రాసినాయన అంత దూరం నుంచి ఇదే అడిగాడు. నేను ఇద్దరి నోళ్ళూ మూయించాను.

ఇదంతా ఆమెకు చెప్పాను. సగం అర్థమైందో లేదో, తనకు కావాల్సింది అడిగింది.

"అయితే ఆయన మాట లేదా?"

"ఉందమ్మా. ఇందులోనే ఉంది. ఏది ఆయనదో తెలియదు."

ఆమె తెర వైపు చాలాసేపు చూసింది. అక్షరం రాని మనిషి. వాటిలో ఒకటి తన భర్తదని మాత్రం ఇప్పుడు తెలుసు.

నాలుగు రోజులు గడువడిగాను. సర్దినప్పుడు వరస మారదు కాబట్టి, వరసను బట్టి ఎవరిది ఎవరికో పోల్చవచ్చేమోనని రోగుల జాబితా ఒక పక్క, రిమార్కులు ఒక పక్క అచ్చు తీసి నేల మీద పరిచాను. కొంత దూరం సరిపోయింది. తర్వాత రిమార్కు లేని రోగులు వచ్చారు, తిరగరాసి చివరికి పోయిన రిమార్కులు వచ్చాయి, వరస చెదిరిపోయింది. ఎంత కొట్టుకున్నా ఆ పత్తి కాలంలో చేరిన మగవాళ్ళ రిమార్కులు తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదిలో ఒకటి ఆయనది. అంతకు మించి ఒక్క అడుగు కూడా ముందుకు పోలేకపోయాను. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే నాకు ఆ కిటికీయే కనిపించేది.

ఆమె వచ్చింది. తొమ్మిదీ చదివాను. ఒక్కొక్కటి చదివి ఆగేదాన్ని, ఆమె మొహం చూసేదాన్ని. మూడు ఆమె వెంటనే కాదంది. ఒకదాంట్లో అన్నదమ్ముల పేచీ ఉంది, ఒకదాంట్లో ఇద్దరు భార్యలు, ఒకదాంట్లో పొగాకు ఎండబెట్టే బ్యారన్. మిగిలిన ఆరింట్లోనూ పత్తే, కౌలే, పురుగే. ఆ ఆరింటి చివరా దాదాపు ఒకే మాట. మా ఆడమనిషి గాలికి మొహాన పడిందని చెప్తది, అట్టాగే రాసుకోండి.

కొట్టిన రోజు ఒక్కొక్కటి విడివిడిగా కొట్టాను కాబట్టి నాకు తెలియలేదు. అబద్ధం భార్యలది అనుకున్నాం అందరం. ఆ మగవాళ్ళు కూడా, గొంతు మండిపోతూ, చివరి ఓపికతో, భార్య మాట నిలబెట్టమనే చెప్పారు.

నాలుగోది మళ్ళీ చదవమంది ఆమె. చదివాను.

"కౌలుకు తీసుకుని తప్పు చేశానన్నాడు. మూడుసార్లు మందు మార్చానన్నాడు. కావాలనే తాగానన్నాడు. పత్తి తీసి తీసి ఆమె చేతులు చూడండి ఎట్టా అయినయ్యో, అన్నాడు. మా ఆడమనిషి గాలికి పడిందని చెప్తది, అట్టాగే రాసుకోండి అన్నాడు."

ఆమె తన చేతులు ఒళ్ళో తిప్పి చూసుకుంది. వేళ్ళ చివర్లు పగిలి నల్లగా గీతలు పడి ఉన్నాయి. మా వైపు పత్తి తీసే ఆడవాళ్ళందరి చేతులూ అంతే.

"ఇదేనా అమ్మా?" అన్నాను.

"ఏమో," అంది. అబద్ధం చెప్పలేదు. "ఆయన నా చేతులు ఎప్పుడు చూశాడో గూడా నాకు తెలవదు."

చేతులు ముడుచుకుని అంది, "దీని మీద ఆయన పేరు రాసియ్యమ్మా."

"ఎట్లా రాయనమ్మా? నీకే తెలియదంటున్నావు. వేరే మనిషిదైతే?"

"ఎవురిదైనా అదే గదా చెప్పింది. ఆరుగురూ అదే గదా."

నేను రికార్డు అన్నాను, రేపు ఎవరైనా అడిగితే అన్నాను, ఉద్యోగం పోతుందన్నాను. అన్నీ నిజాలే. నా గొంతులో నాకే ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తా వినిపిస్తున్నాడు. ఆమె అంతా ఓపిగ్గా వింది. తర్వాత కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"ఆ రోజు అబద్ధం రాయమంటే ఒక్క మాట అడక్కుండా రాశావు గదమ్మా. ఇయ్యాల నిజం రాయమంటంటే చెయ్యి రావట్లేదా?"

లేచి వెళ్ళి ప్రింటరు ఆన్ చేశాను.

పేరు లేకుండా ఆరు రిమార్కులూ అచ్చు తీసిచ్చాను. కావాలంటే ఎమ్మార్వో ఆఫీసుకు నేను వచ్చి చెబుతానన్నాను. ఆమె కాగితాన్ని మడిచి, ఆస్పత్రి కాగితం వెనకాల, పాలిథిన్ కవరులో పెట్టుకుంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడం మర్చిపోయి చేత్తో పట్టుకునే వరండా దాటింది. నేను వెనక నుంచి పిలవలేదు.

నెలాఖరు వెళ్ళి చాలా రోజులయ్యాక వార్డు సిస్టరు ఫోన్ చేసింది. ఆ కాగితం మీద పేరు లేదు, ముద్ర లేదు, ఎవరిదో తెలియదని పక్కన పెట్టారట. వచ్చి చెబుతానన్న మనిషిని ఎవరూ పిలవలేదు, నేనూ పిలవకుండా వెళ్ళలేదు. ఆస్పత్రి రికార్డు ప్రకారం ప్రమాదం అని రాసి ఫైలు మూసేశారు. ఆమె ఏం చేసింది అని అడిగాను. పిల్లను ఆ బడి మాన్పించి వేరే ఊరి బళ్ళో వేసిందట.

ఆ మర్నాడు మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయాక మూల కంప్యూటరు ముందు కూర్చున్నాను. ముందు ఆ బయటి దేశపాయనకు ఒక ఈమెయిలు రాశాను. మీరు అడిగింది సరైన ప్రశ్న, తప్పు నాదే, అని మాత్రం రాశాను. తర్వాత ఆయన కోడులో నేను నోరు నొక్కిన నాలుగు లైన్లనూ మళ్ళీ పనిచేసేలా చేశాను. లైబ్రరీని మళ్ళీ కట్టి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. నడిపితే మూడో రోగి దగ్గర ఆగిపోయింది. ఆగాల్సిందే.

ఆ లైబ్రరీ చదవడమే కాదు, రాస్తుంది కూడా. ఆమె భర్త నంబరు కొట్టాను. ఆమె రెండుసార్లు చదివించుకున్న రిమార్కు ఎక్కడుందో ఆ చోటు ఆయన చీటీలో వేశాను. పైన జబ్బు కోడు గడిలో నలభై ఒకటి ఉంది. ఒకటి చెరిపి రెండు వేశాను. ఒక్క అంకె. ఆ రోజు ఆ చిన్న గదిలో ఆమె నా కాళ్ళు వదలకముందే వేసిన అంకె. ఇప్పుడూ అంతే సేపు పట్టింది. సేవ్ చేసి, తెరిచి చూశాను. ఆయన పేరు, ఊరు, ఆమె చేతులు, అన్నీ ఒకే చోట ఉన్నాయి. లైబ్రరీ ఏ ఎర్రరూ ఇవ్వలేదు. గడువు దాటి అప్పటికి మూడు వారాలయింది.